మావయ్య ఓడలో తెచ్చిన సైక్లోక్రాస్ బండి: బాగు చేయించి తొక్కిన నా అనుభవం

మా మావయ్య మర్చంట్ నేవీలో పనిచేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం వైపు ఓడ ఎక్కిన మనిషి ఉండటం పెద్ద విశేషమేమీ కాదు. సెలవుకొచ్చేటప్పుడు అందరూ టేప్ రికార్డరో, కెమెరానో, సెంటు సీసాలో తెచ్చేవారు. ఈయన మాత్రం 1980ల చివర్లో బెల్జియంలో ఆంట్వెర్ప్ రేవులో ఓడ ఆగినప్పుడు ఎవరో అమ్ముకుంటుంటే కొన్న పాత సైకిల్ తెచ్చాడు. విశాఖలో దించి, సోంపేట దాకా రైల్లో వేసుకొచ్చి, అక్కడి నుంచి కవిటి దగ్గర ఊరికి తొక్కుకుంటూనే వెళ్లాడట. ఊరంతా దాన్ని రేసు సైకిల్ అన్నారు. కొన్నాళ్లు తొక్కాడు, టైరు పోయింది, అలాంటి టైరు శ్రీకాకుళంలోనే కాదు విశాఖలోనూ దొరకలేదు, దాంతో కొబ్బరికాయలు వేసే పాకలో దూలానికి కట్టేశారు. అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పాక కప్పు లేచిపోయి, రేకులూ కమ్మలూ దాని మీద పడి, ఆ తర్వాత చాలా నెలలు వానకీ ఉప్పుగాలికీ అలాగే నానింది. ఆ ఏడాది కొబ్బరి తోటలూ జీడి తోటలూ కూకటివేళ్లతో పడిపోయి జనం ఏడుస్తుంటే సైకిల్ సంగతి ఎవరికి పడుతుంది.

"పాత ఇనుముకి వేసేద్దామనుకుంటున్నాను రా, నీకు పనికొస్తే పట్టుకుపో" అన్నాడు మావయ్య ఒక పండక్కి వెళ్లినప్పుడు. నేను అంతకు ముందు దాన్ని ఎన్నిసార్లు చూశానో, కానీ అప్పుడే సరిగ్గా చూశాను.

ఎందుకంటే మధ్యలో బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు సైకిల్ పిచ్చి పట్టింది, దాంతోపాటే చలికాలం ఆదివారం సాయంత్రాలు ఫోన్లో బెల్జియం సైక్లోక్రాస్ రేసులు చూసే అలవాటూ పట్టింది. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. రేసు సైకిల్‌కి ఉండే వంపు హ్యాండిలే ఉంటుంది గానీ తొక్కేది తారు రోడ్డు మీద కాదు, బురదలో, గడ్డిలో, ఇసుకలో. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు, పెద్దవాళ్ల రేసు ఇంచుమించు గంట. దారికి అడ్డంగా 40 సెంటీమీటర్ల ఎత్తు పలకలు, మెట్లు, నిటారు గట్లు. తొక్కడం కుదరని చోట దిగి, బండిని భుజాన వేసుకుని పరుగు తీయాలి. ఫ్రాన్స్‌లో 1902లో డానియెల్ గూసో అనే సైనికుడు మొదటి జాతీయ పోటీ నడిపించాడు. 1910లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఒక్టావ్ లాపీజ్ తన గెలుపుకి ఈ చలికాలపు సాధన కారణమని చెప్పాక అందరి చూపూ ఇటు పడింది. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగితే ఫ్రాన్స్ వాడే, జాన్ రోబిక్, గెలిచాడు. కానీ తర్వాత తర్వాత ఇది బెల్జియం వాళ్ల సొంత ఆట అయిపోయింది, ఎరిక్ డి వ్లామింక్ ఒక్కడే 1966 నుంచి 1973 లోపు ఏడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. మావయ్య ఓడ ఆగింది ఆ దేశంలో.

మరి అది రోడ్డు రేసు బండి కాదని ఎలా పోల్చుకున్నానంటే, మొదటి గుర్తు బ్రేకులు. ఆ కాలపు రోడ్డు బండికి బ్రేకు ఫ్రేము మధ్యలో ఒకే బోల్టుతో బిగుస్తుంది, టైరుకీ ఫ్రేముకీ మధ్య వేలు కూడా దూరదు. దీనికి ఫోర్కు కాళ్ల మీదా, వెనక సన్న గొట్టాల మీదా చిన్న దిమ్మలు అతికించి, వాటి మీద క్యాంటిలీవర్ బ్రేకులు, అంటే రెండు పక్కలకీ కొమ్ముల్లా పొడుచుకొచ్చే రకం, బిగించి ఉన్నాయి, ఫ్రెంచి కంపెనీ మాఫాక్ పేరు వాటి మీద ఇంకా చదవొచ్చు. టైరు చుట్టూ బురద పట్టినా చక్రం తిరిగేంత ఖాళీ ఉంది. వైరు పై గొట్టం మీద నుంచి వెళ్తోంది, భుజం ఆనేది ఆ గొట్టం కింది వైపు కాబట్టి. నీళ్ల సీసా బిగించే రంధ్రాలు లేవు, అవి ఉంటే ఎత్తేటప్పుడు చేతికి అడ్డం. ముందు ఒకటే పళ్ల చక్రం, గతుకుల్లో చైను జారిపోకుండా దానికి రెండు పక్కలా రేకు బిళ్లలు. గేరు మార్చే లీవరు హ్యాండిల్ కుడి కొసలో. ఇవన్నీ ఒక్క బండి మీద కనబడితే ఇంక అనుమానం అక్కర్లేదు. తయారు చేసినవాడి పేరు మాత్రం లేదు, బిళ్ల ఊడిపోయింది, స్టిక్కర్ల మీద ఇంటి తలుపులకి వేయగా మిగిలిన నీలం ఎనామిల్ పెయింటు ఎవరో దట్టంగా కొట్టేశారు.

మావయ్యకి ఇదంతా చెప్తే "అయితే బురదలో తొక్కాల్సిన బండిని నేను ఇన్నాళ్లూ కొబ్బరికాయల మధ్య పెట్టానన్నమాట" అని నవ్వాడు. అత్త మాత్రం "ఇప్పుడు దాన్ని ఊరంతా మోసుకు తిరుగుతాడేటి వీడు" అంది.

ఇక్కడ ఒక నిర్ణయం ముందే తీసుకోవాల్సి వచ్చింది. పాత సైకిళ్లు బాగు చేసేవాళ్లలో రెండు రకాలున్నారు. మొదటి రకం వాళ్లు ఏ ఏడాది బండికి ఆ ఏడాది పార్టులే వెతికి, పెయింటూ స్టిక్కర్లూ యథాతథంగా వేయించి, గోడకి తగిలిస్తారు. వాళ్ల ఓపికకి దణ్ణం, నాకది కుదరదు. పైగా ఇది పుట్టిందే ఒళ్లంతా బురద పూసుకోవడానికి. అంచేత ఫ్రేము, ఫోర్కు, బ్రేకులు, హబ్బులు, గేరు లీవరు పాతవే ఉండాలి, అరిగిపోయేవి (టైరు, చైను, వైరు, రబ్బరు, రిమ్ము) శ్రీకాకుళంలోనో విశాఖలోనో మళ్లీ దొరికేవే ఉండాలి అని అనుకున్నాను. ఆ తర్వాత ఎక్కడ సందేహం వచ్చినా దీన్ని బట్టే తేల్చుకున్నాను.

మొదట టౌన్లో గేరు సైకిళ్లు అమ్మే కొత్త షాపుకి తీసుకెళ్లాను. ఆ కుర్రాళ్లు మర్యాదస్తులే, కానీ వాళ్లకి తెలిసిన బేరింగులన్నీ సీలు వేసి వచ్చేవి, పాడైతే మొత్తం తీసి కొత్తది దూర్చడమే పని. "దీనికి పార్టులు రావు సార్" అన్నారు. అక్కడి నుంచి నాగావళి పాత వంతెన వైపు, అట్లాస్, హీరో బండ్లకి పంచర్లు వేస్తూ ఓవరాయిలింగ్ చేసే ఒక బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన బండి చుట్టూ తిరిగి, బ్రేకుల మీద చెయ్యేసి, "ఏటి బాబూ ఇది, మేక కొమ్ముల్లాగున్నాయి" అన్నాడు. తర్వాత పెడల్ పట్టుకుని మెల్లగా తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. "కప్పు, కోను, గోళీలు. ఇందులో మనకి తెలవందేటుంది. ఒగ్గీసెల్లు." ఒగ్గేసి వెళ్లలేదు, పని ఉన్నప్పుడల్లా పక్కనే కూర్చున్నాను, ఆయనకి అది నచ్చలేదు గానీ కొన్నాళ్లకి అలవాటు పడ్డాడు.

అసలు యుద్ధం సీటు గొట్టంతో. ఫ్రేము ఉక్కు, లోపల దూర్చిన సీటు గొట్టం అల్యూమినియం. ఈ రెండు లోహాలూ ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది, దాని తుప్పు తెల్లటి పొడిగా మారి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాంతో గొట్టం లోపలే బిగుసుకుపోతుంది. సముద్రానికి దగ్గరగా అన్నేళ్లున్న బండికి ఇది రాకపోతేనే ఆశ్చర్యం. బండిని తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ల పెట్టె (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) విప్పిన కన్నంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి, రోజూ కొంచెం కొంచెంగా తట్టి చూశాం. కదల్లేదు. సీటు గొట్టం తలని పైపు రెంచితో పట్టి తిప్పితే తల మెలిపడింది తప్ప లోపల ముక్క అలాగే ఉంది.

పక్కన వెల్డింగు షాపు కుర్రాడు వచ్చి "గ్యాసు పెట్టి ఎర్రగా కాలిస్తే అదే వస్తాది" అన్నాడు. నేను వద్దన్నాను, బాబాయి కూడా వద్దన్నాడు, కారణాలు వేరు. ఆయనకి పెయింటు పోతుందని. నాకు రెండు భయాలు: ఇలాంటి ఫ్రేముల గొట్టం గోడ మధ్యలో మిల్లీమీటరు మందం కూడా ఉండదు, ఎర్రగా కాలిస్తే గట్టిదనం పోతుంది. రెండోది, వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అంటే కాల్చే కొద్దీ ఇంకా బిగుస్తుంది. వేడి చేసి చల్లార్చి, మళ్లీ వేడి చేసి చల్లారిస్తే ఒక్కోసారి పట్టు వదులుతుందంటారు, అది మరిగే నీళ్లతో చేశాం, కొంచెం కిర్రుమంది గానీ రాలేదు. కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం కరిగిపోతుంది, ఉక్కుకి పెద్దగా ఏమీ కాదు. కానీ అందులోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, మంటకి అంటుకుంటుంది, చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. రోడ్డు పక్క షాపులో, బీడీ కాల్చుకునే జనం మధ్య ఆ పని పెట్టుకోదలచుకోలేదు.

చివరికి ఆక్సా బ్లేడే గతి అయింది. పైకి కనిపించే ముక్కని రెండంగుళాలు ఉంచి కోసేసి, బ్లేడుకి ఒక కొసన గుడ్డ చుట్టి పిడిగా పట్టుకుని, గొట్టం లోపలి నుంచి నిలువునా గీత కోయడం. ఇది చెప్పినంత తేలిక కాదు. అల్యూమినియం పూర్తిగా తెగాలి, దాని వెనకున్న ఫ్రేము మీద గీత పడకూడదు. ఎక్కడ ఆపాలో తెలియడానికి నేను ఒక చిన్న అయస్కాంతం తెచ్చాను, రాలిన పొడి దానికి అంటుకుంటే ఉక్కు తగిలిందని అర్థం. బాబాయికి అయస్కాంతం అక్కర్లేదు, బ్లేడు శబ్దం మారగానే ఆపేవాడు. నేను పందెం కట్టినట్టు ప్రతిసారీ పొడిని పరీక్షించాను, ఆయన చెవి తప్పలేదు. ఒకవైపు గీత పూర్తయ్యాక సన్న ఉలితో అంచుని లోపలికి మడిచి, ప్లయరుతో పట్టి లాగితే తెల్లటి పిండి రాలుస్తూ వచ్చేసింది. షాపు ముందు టీ తాగుతున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు, వాళ్లు కొన్నాళ్లుగా చూస్తున్నారు మరి. ఇప్పుడు కొత్త సీటు గొట్టం 27.2 మి.మీ.ది, ఈ రోజుల హైబ్రిడ్ సైకిళ్లకీ అదే సైజు వస్తోంది కాబట్టి విశాఖలో తేలిగ్గానే దొరికింది. దానికి గ్రీజు దట్టంగా పూసి దించాం, నెలకోసారి తీసి తుడిచి మళ్లీ పూస్తాను. మీ దగ్గర అల్యూమినియం సీటు గొట్టం ఉన్న బండి ఏదైనా ఉంటే, ఇది చదవడం ఆపి ఒకసారి వెళ్లి అది కదులుతుందో లేదో చూసుకోండి.

పెడళ్ల పెట్టె దగ్గర ఒక తమాషా జరిగింది. మన దేశీ సైకిళ్లకి ఎక్కువగా ఇంగ్లీషు మర, చైను వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, అంటే విప్పాలంటే మామూలుగా బిగించే వైపు తిప్పాలి. బాబాయి చెయ్యి దానికి అలవాటు పడిపోయింది, ఎంత తిప్పినా ఊడదు. ఊడదు మరి, బిగుస్తోంది. మట్టి గీకితే కప్పు అంచు మీద 36×24 అని అంకెలు కనబడ్డాయి. అది ఇటలీ మర, రెండు పక్కలా కుడి మరే. అటు తిప్పగానే వచ్చేసింది. అంటే ఫ్రేము ఇటలీదా? చెప్పలేం, ఇటలీ మర వాడే ఫ్రేము మేస్త్రీలు బెల్జియంలోనూ ఉండేవారు. లోపల గోళీలు మాత్రం పావు అంగుళానివి, మన అట్లాస్ పెట్టెలో పడేవే, డబ్బాలోంచి తీసి వేసేశాడు. కప్పుల లోపలి అద్దం చెక్కు చెదరలేదు, పాత గ్రీజు గట్టి మైనమై వాటిని కాపాడింది.

తుప్పు గురించి. చిన్న సామాన్లన్నీ ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టాను, మార్బుల్ పాలిష్ చేసేవాళ్లు వాడే తెల్లపొడి ఇది. లీటరు గోరువెచ్చని నీళ్లకి 30 గ్రాములు చాలు, రాత్రి వేస్తే పొద్దున్నకి తుప్పు వదిలిపోతుంది, తర్వాత తినే సోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేకపోతే మధ్యాహ్నానికే మళ్లీ ఎర్రబారుతుంది. విషం అది, గ్లోవ్స్ వేసుకోవాలి, వంటింటి గిన్నె వాడకూడదు. ఫ్రేము గొట్టాల లోపలికి మాత్రం పెయింటు షాపులో దొరికే లిన్సీడ్ ఆయిల్ పోసి, అన్ని వైపులా తిప్పి, మిగిలింది కారిపోనిచ్చాను. అది ఆరి లోపల పలుచని పొరగా గడ్డకడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది, పరిచి ఆరబెట్టాలి లేదా నీళ్లలో ముంచాలి. పెయింటు సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది: తుప్పు పట్టిన చోట గరుకు కాగితం వేసి, రెడాక్సైడ్ కొట్టి, పైన అదే నీలం. ఎనామిల్ కింద ముదురు ఎరుపు అక్కడక్కడా కనబడుతోంది, బాగుంది, అలాగే ఉండనిచ్చాను.

చక్రాల దగ్గర డబ్బు ఎక్కువ పోయింది, ఖర్చులో సగం పైన ఇక్కడే. పాత రిమ్ములకి టైరు అంచు పట్టే గాడి లేదు. ట్యూబ్యులర్ అంటారు, ట్యూబుని టైరు లోపల పెట్టి కుట్టేసి, ఆ మొత్తాన్ని రిమ్ముకి జిగురుతో అంటిస్తారు. మావయ్యకి టైరు దొరకకపోవడానికి కారణం ఇదే, సైజు ఒక్కటే కాదు. రేసుల్లో ఇవాళ్టికీ దాన్ని ఇష్టపడేవాళ్లున్నారు, గాలి బాగా తగ్గించినా రిమ్ము ట్యూబుని నలపదు కాబట్టి. కానీ కళింగపట్నం తోటల్లో మొగలి ముల్లు దిగితే కుట్లు విప్పి పంచరు వేసి మళ్లీ కుట్టే ఓపిక ఎవరికుంది. కాబట్టి మామూలు రిమ్ములకి మారాలి.

"28 అంగుళాలేగా, మన టైరు పడిపోద్ది" అన్నాడు బాబాయి. పడదు. మన పెద్ద సైకిల్ 28 అంగుళాల టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 మి.మీ., 700సి అనే ఈ సైజుది 622. ఆయన నమ్మక, పాత టైరొకటి తెచ్చి వేసి చూసి, వదులుగా తిరుగుతుంటే తల ఊపాడు. ఇంకో చిక్కు, మన పెద్ద సైకిళ్లకి ముందు 32, వెనక 40 స్పోకులు, దీని హబ్బులకి రెండింటికీ 36. మొత్తానికి 36 రంధ్రాల 700సి అల్యూమినియం రిమ్ములు ఆన్‌లైన్‌లో తెప్పించి, స్పోకులు విశాఖలో పొడవు చూసి తెచ్చాం. అల్లడం మాత్రం బాబాయే. స్టాండు లేదు, ఫ్రేముని తిరగేసి ఫోర్కులోనే చక్రం పెట్టి, బొటనవేలి కింద సుద్దముక్క పట్టుకుని తిప్పుతాడు, సుద్ద అంటిన చోట వంపు. మీటి చూసి బిగువు చెప్తాడు. ఆ చక్రాలు ఇప్పటిదాకా మళ్లీ బెండు తీయాల్సిన పని పడలేదు.

వెనక పళ్ల చక్రాల గుత్తికి నేను భయపడినంత కష్టం కాలేదు. హబ్బు మర మన ఫ్రీవీల్‌కి సరిపోయింది, ఫ్రేము వెనక వెడల్పు 126 మి.మీ., లోకల్ గేరు సైకిళ్లకి వచ్చే ఏడు పళ్ల చక్రాల ఫ్రీవీల్ అందులో పట్టేసింది. పాత గేరు లీవరుకి టిక్కుటిక్కుమనే మెట్లు ఉండవు, రాపిడితో ఆగుతుంది, అందుకని వెనక ఎన్ని చక్రాలున్నా దానికి లెక్కలేదు. కొత్త బండ్ల లీవరయితే ఈ కలగాపులగాన్ని అస్సలు ఒప్పుకోదు.

బ్రేకు రబ్బర్లు గట్టిపడి చెక్కలైపోయాయి. ఇనప గూడులోంచి వాటిని తోసేసి, పెద్ద సైకిల్ బ్రేకు రబ్బరుని బ్లేడుతో చెక్కి అందులో దూర్చాడు బాబాయి. పట్టుకుంటుంది, కానీ మొదట్లో వీధి చివర కుక్కలు లేచేంత అరుపు. రబ్బరు ముందు అంచు రిమ్ముని కొంచెం ముందుగా తాకేలా వాల్చి బిగిస్తే అరుపు సగం తగ్గింది. రెండు కొమ్ములనీ కలిపే అడ్డ వైరుని కిందికి దించితే పట్టు ఇంకొంచెం పెరిగింది. అయినా ఇవి ఆపే బ్రేకులు కావు, వేగం తగ్గించే బ్రేకులు అనుకోవాలి. ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ 2010లో సైక్లోక్రాస్‌కి డిస్కు బ్రేకులు ఒప్పుకున్నాక కొన్నేళ్లలోనే అందరూ అటు పోయారంటే పోరా మరి.

ఇక తొక్కడం. దిగడం, ఎక్కడం ముందు నేర్చుకోవాలి, అది ఎండిన చెరువు గర్భంలో నేర్చుకున్నాను, పడ్డా దెబ్బ తగలదు. కదులుతుండగానే కుడి కాలు సీటు వెనక నుంచి ఎడమ వైపుకి తిప్పి, ఎడమ పెడల్ మీద ఒంటి కాలితో నిలబడి, నేల మీదకి పరుగులోనే దిగాలి. చైను కుడి వైపుంటుంది కాబట్టి దిగేది ఎప్పుడూ ఎడమ వైపే. కింద గొట్టం పట్టుకుని ఎత్తి, పై గొట్టాన్ని కుడి భుజం మీద ఆనించి, కుడి చెయ్యి కింద గొట్టం చుట్టూ పోనిచ్చి హ్యాండిల్ ఎడమ వంపు పట్టుకుంటే బండి ఊగదు. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది, జారితే పట్టుకోవడానికి. దిగడం తొందరగానే వచ్చింది, మళ్లీ గెంతి సీటు మీదకి ఎక్కడం మాత్రం మగవాళ్లకి భయం పుట్టించే విద్య, ఎగరకుండా తొడ పక్క భాగంతో జారాలి, అంతకంటే వివరంగా రాయను.

మన జిల్లా ఈ ఆటకి సరిపోయినంతగా ఇంకేదీ సరిపోదేమో అనిపిస్తుంది నాకు. సంక్రాంతి అయ్యాక కోసిన వరి మళ్లలో నేల గట్టిపడి ఉంటుంది, మడికీ మడికీ మధ్య గట్లు పోటీలో పెట్టే పలకల ఎత్తే, కాకపోతే ఎవరి పొలమో అడిగి వెళ్లాలి, మినుములో పెసలో చల్లి ఉంటే అటు అడుగు పెట్టకూడదు. శ్రీకూర్మం వైపు డొంకదార్లు, వంశధార గట్టు, శాలిహుండం కొండ కింద ఎర్రమట్టి దారి, అక్కడి నుంచి కళింగపట్నం దాకా సరుగుడు తోటల్లో ఇసుక. ఒక్క పొద్దుటి పూటలో అన్ని రకాల నేలా తగులుతుంది.

ఇసుకలో తొక్కడమే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే సరదా. బెల్జియంలో కాక్సైడ్ అనే ఊరు ఉత్తర సముద్రం ఒడ్డున ఉంది, ఇసుక దిబ్బల మీద రేసు జరుగుతుంది, 2012 ప్రపంచ పోటీ అక్కడే, నీల్స్ ఆల్బర్ట్ గెలిచాడు. ఆ వీడియోల్లో చూస్తే అందరూ ఒకే సన్న గాడిలో వెళ్తారు, గాడి తప్పినవాడు దిగి పరిగెత్తాల్సిందే. కళింగపట్నంలో నాకు ఆ గాడి పడవల్ని లాగే ట్రాక్టరు వేసి పెడుతుంది. తారు రోడ్డు మీద 45 పీఎస్ఐ గాలితో వచ్చి, తోట మొదట్లో ఆగి 25 దగ్గరికి దించుతాను. నా టైర్లు 35 మి.మీ. వెడల్పువి. రేసుల్లో అయితే 33 దాటకూడదు, ఇక్కడ కొలిచేవాడెవడూ లేడు. ఇసుకలోకి దిగే ముందే గేరు తేలిక చేసుకోవాలి, బరువు వెనక్కి వేయాలి, హ్యాండిల్ గట్టిగా పట్టకూడదు, ముందు చక్రం తనకి నచ్చిన దారి వెతుక్కుంటుంది, మనం దూరంగా చూస్తూ తొక్కుతూనే ఉండాలి. ఆపితే కూరుకుపోతాం. ఆటు సమయంలో నీటి అంచున తడి ఇసుక తారు రోడ్డంత గట్టిగా ఉంటుంది గానీ ఉప్పునీళ్లు చైను మీద చిందితే మళ్లీ మొదటికొస్తుంది కథ, అందుకని అటు వెళ్లను. తోటల్లో తిరిగినా ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగి, చైను తుడిచి నూనె వేయకుండా పడుకోను.

జనంతో వచ్చే చిక్కు వేరే. బండి భుజాన వేసుకుని గట్టు ఎక్కుతుంటే ఎవరో ఒకరు ఆగుతారు. "ఏటి బాబూ, పంచరయిపోనాదా?" "లేదండీ, ఇలాగే." "మరి మోసుకెళ్తన్నావేటి?" దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఒకాయన ఆటో ఆపి, డబ్బులొద్దు ఎక్కించేయ్ అన్నాడు. పశువులు కాసే కుర్రాళ్లకి మాత్రం ఏ వివరణా అక్కర్లేదు, ఒకసారి చూసి, ఆ మర్నాడే వాళ్ల సైకిళ్లు భుజాన వేసుకుని గట్లు గెంతుతున్నారు. క్యారియరూ స్టాండూ బిగించిన పెద్ద బండి 20 కిలోల దాకా ఉంటుంది, దాన్ని మోస్తూ నా కంటే ముందు పైకి చేరారు.

మావయ్య ఒకసారి టౌన్‌కి వచ్చినప్పుడు తొక్కి చూశాడు. ఇంటి సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి, "బ్రేకులు అప్పుడూ ఇంతే" అన్నాడు. తీసుకుపొమ్మంటే వద్దన్నాడు, మోకాళ్లు.

ఇంకా ఒక పని మిగిలి ఉంది. ఫోర్కు తిరిగే చోట, తల కప్పుల్లో గోళీలు ఏళ్ల తరబడి ఒకే చోట ఆనడం వల్ల గుంటలు పడ్డాయి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు టక్కున పట్టేస్తుంది, ఇసుకలో ఇది బాగా ఇబ్బంది, ముందు చక్రాన్ని స్వేచ్ఛగా వదలాల్సిన చోట అది వదలదు. కొత్త కప్పులు వేస్తే పోతుంది. బాబాయి మాత్రం ముందు ఇంకో ఉపాయం చూద్దామంటున్నాడు: గోళీల్ని పట్టి ఉంచే రేకు వలయం తీసేసి, విడి గోళీలు వేస్తే లోపల ఒకటో రెండో ఎక్కువ పడతాయి, అప్పుడు అన్నీ ఒకేసారి పాత గుంటల్లో కూర్చోవు. ఖర్చు పది రూపాయలు కూడా అవదు. వానలు తగ్గి, ఆయన షాపు ముందు నీళ్లు తీశాక విప్పుతాం.